గెలిచినవాళ్ల మేక

అరకు దగ్గర కొండమీద ఆడవాళ్ల ఫుట్‌బాల్ ఫైనల్‌కి మా చెల్లెలు నన్ను లాక్కెళ్లింది. నా పక్కనున్న ముసలమ్మ చేతిలో గెలిచిన ఊరికిచ్చే మేక తాడు, గోలు ముందు ఆవిడ కోడలు. చివరి పెనాల్టీ ఆపితే గెలుపు వాళ్లదే.

"ఒసే, బంతిని సూడే, మొగుణ్ణి కాదు!" అని కోడలి మీద అరుస్తూ నా చెయ్యి నలిపేసింది. కోడలు ఎగిరి ఆపేసింది!

ముసలమ్మ మేక తాడు నా చేతిలో పెట్టి పరిగెత్తింది. కోడలి నడుం పట్టుకుని థింసా నాట్యం మొదలెడితే, ఓడినవాళ్లూ వరసలో కలిసిపోయారు.

"ఓడినోళ్లకి ఏడుపు రాదేటమ్మా?" అని కేకేశాను.

"ఏడుపెందుకు? కూర రెండూళ్లకీ వొండుతాం. నువ్వూ తిని ఎల్లు!"

"మరి గెలిస్తే మీకేటి ఎక్కువ?"

"తలకాయ మాది!" అంది పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ.

మేక తాడు మా చెల్లెలి చేతిలో పెట్టి నేనూ వరసలో దూరిపోయాను.