గరుకున్న చోట

తాల్‌బగీచాలో ఉండే మా పెద్దమ్మ పోయింది. ఆమె కొడుకు, మా తమ్ముడు, ఫోన్ చేసి చెప్పేసరికి నేను ల్యాబ్‌లో టైటానియం ముక్కలను యాసిడ్‌లోంచి తీసి కడుగుతున్నాను. చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. దాని మీద నీళ్లు చాలాసేపు పారుతూనే ఉన్నాయి.

పెదనాన్న రైల్వే వర్క్‌షాపు సైరన్‌కు పరిగెత్తే మనిషి. పెద్దమ్మ దేనికీ పరిగెత్తేది కాదు. మధ్యాహ్నాలు వసారాలో కాళ్లు చాపుకొని బియ్యం ఏరుతూ, సగం నిద్రలో ఉన్నట్టు మాట్లాడేది.

శరీరంలో అమర్చే లోహాల పైపొరను మార్చడం నా పని. నున్నటి లోహాన్ని ఎముక సరిగా పట్టుకోదు. ఇసుకతో కొట్టి, యాసిడ్‌లో ముంచి కంటికి ఆనని గుంటలు చేస్తే, ఎముక వాటిలోకి పెరిగి పట్టుకుంటుంది. ఒకసారి ఆమెకు ఇదంతా చెబుతుంటే వీధిలో "శిల్ కాటావ్!" అని బెంగాలీలో కేక. సన్నికల్లుకు గాట్లు పెట్టేవాడు.

"దాదా, ఇటు రా!" అని పిలిచి, నా వైపు తిరిగింది. "అరిగిన రాయి మీద అల్లం జారిపోద్ది. గాట్లెడితే నిలుస్తాది. నీ సదువు ఇదేనేటే?"

"ఇంచుమించు ఇదే, పెద్దమ్మా."

"మరి ఇన్నేళ్లేటే?" అని నవ్వింది.

తరవాత కొన్నాళ్లకు ఆమె తుంటి విరిగింది. అందులో వేసే లోహపు కాడ మా ల్యాబ్‌లో చేసింది కాదు గానీ, ఆ జాతిదే. ఆపరేషన్ ముందు నా చెయ్యి పట్టుకుంది.

"అది నాదవుద్దేటే? పరాయిదాన్ని ఒంట్లో ఎట్టుకొని సచ్చేదాకా మొయ్యాలేటి?"

"అవ్వచ్చు" అన్నాను. అవుతుంది అనలేకపోయాను. నేను చూసినవన్నీ ల్యాబ్‌లో ఉప్పునీళ్లలో నానేసిన ముక్కలే.

"అవ్వచ్చంట! పెళ్లి సంబంధం సెప్పినట్టు సెప్తన్నాది" అని పక్క మంచం ఆవిడతో అంది.

మళ్లీ నడిచింది. వాకిట్లో వంగకుండా, ఎత్తు పీట మీద కూర్చుని ముగ్గు వేసేది. నేను వెళ్లినప్పుడల్లా తుంటి మీద తట్టి, "నీవోడు నిద్రపోతన్నాడు" అనేది. ఎప్పుడూ నీవోడే. నావోడు అని ఒక్కసారీ అనలేదు.

దహనం తరవాత తమ్ముడు అస్థికలు ముంతలో ఏరుకొచ్చాడు. ముంత ఇంట్లోకి తేకూడదు గనక గేటు బయట వేపకొమ్మకు కట్టాడు. చేతిలో వేరే మూట ఉంది.

"అక్కా, ఇది కాలలేదు. ముంతలో ఎయ్యాలా, వద్దా? పంతులుగారు మీ ఇష్టం అన్నారు. ఇది అమ్మదేనా?"

విప్పాను. తుంటిలో వేసిన కాడ. నున్నటి సగం మంటకు నీలం, ఊదా, పల్చటి బంగారు రంగు తిరిగింది. గరుకున్న చోట తెల్లగా ఏదో ఉంది. బూడిద అనుకొని వేలితో తుడిచాను. పోలేదు. గోటితో గీరినా రాలేదు. ఎముక. మంటలోనే దానికి అతుక్కుందేమో అని అప్పుడు కూడా ఒక అనుమానం వచ్చింది. నా బుద్ధి అంత. మళ్లీ గీరాను.

"అమ్మదే రా" అన్నాను. "విడదియ్యలేం."

అస్థికలు కలపడానికి కాసాయి నదికి బయలుదేరేదాకా ముంత ఆ కొమ్మకే ఉంది. అందులో పెట్టిన కాడ నిడివికి ముంత చాలక, నున్నటి కొస మూతికి కట్టిన గుడ్డలోంచి పైకి వచ్చింది. గాలి వీచినప్పుడల్లా ఆ నీలం ఒకసారి వీధి వైపు, ఒకసారి వసారా వైపు మెల్లగా తిరిగేది.