ఆల్బమ్‌లో లేని పెళ్ళికూతురి అన్న

ఈ సంగతి ఫోనులోని మా కుటుంబం గ్రూపులో ఎన్నిసార్లు పెట్టానో నాకు గుర్తుంది, వాళ్ళకి లేదు. ఎవరైనా గుమ్మడికాయ పులుసు ఫోటో పెడితే చాలు, క్షణంలో దండాలూ చప్పట్లూ వచ్చి పడతాయి. నా మాట కింద మాత్రం అందరూ చూసినట్టు గుర్తులుంటాయి, జవాబుండదు. అందుకని మొదటినుంచీ రాస్తున్నాను. ఇప్పుడైనా చదవండి.

మా చెల్లెల్ని బొబ్బిలి ఇచ్చాం. పెళ్ళి నరసన్నపేటలో మా ఇంటి ముందు పందిట్లోనే అయింది. ఫోటోలవాణ్ణి పిలుద్దామంటే నాన్న ఒప్పుకోలేదు.

"ఇంట్లో కెమెరా ఉన్నాది, తీసీవోడు ఉన్నాడు. మళ్ళీ బయటోడెందుకురా?"

ఆ కెమెరా ఓడల మీద పనిచేసే మావయ్య తెచ్చి ఇచ్చినది. రీలు దానంతటదే తిప్పుకునేది, ఫ్లాషు దానంతటదే వెలిగేది. ఆ తీసేవాణ్ణి నేను. పెళ్ళికూతురి అన్ననై ఉండి, పెళ్ళంతా పందిట్లో మోకాళ్ళ మీద పాకాను. హోమం దగ్గర చెల్లెలి దోసిట్లో పేలాలు పోయవలసినవాడు అన్న. పంతులుగారు నన్ను పిలిచారు కూడా. "నువ్వెళ్తే ఫోటో ఎవలు తీస్తారు?" అని నాన్న మా పిన్ని కొడుకుని ముందుకు తోశాడు. వాడు పోశాడు, నేను తీశాను. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. అదే నా ఖర్మ.

మొన్న చెల్లెలి పెళ్ళయి పాతికేళ్ళయిందని పాత ఆల్బమ్ మొత్తం గ్రూపులో పెట్టారు. వంటమేస్త్రీ మూడు ఫోటోల్లో ఉన్నాడు, గరిటెతో సహా. పక్కింటివాళ్ళ ఆవు ఒకదానిలో ఉంది. నేను ఎక్కడా లేను. చెల్లెలి కొత్త అల్లుడు పేలాల ఫోటో చూసి, "అత్తయ్యగారి అన్నగారు వీరేనా?" అని రాశాడు. అతని పెళ్ళిలో విడిదింటి గుమ్మంలో కాళ్ళకు నీళ్ళిచ్చింది నేను! దాని కింద బావ, అంటే మా చెల్లెలి మొగుడు, రాసిన మాట ఇది:

"నిజమే బావా, నువ్వసలు మా పెళ్ళికొచ్చినావేటి?"

నవ్వే బొమ్మలు కూడా పెట్టాడు. చెల్లెలు కూడా ఒకటి పెట్టింది.

నేనున్న ఫోటో ఒకటుంది. అప్పగింతలకి ముందు, పందిరి గుంజ దగ్గర పీట మీద కూర్చున్న అమ్మ పక్కన నిలబడి, కెమెరా బావ చేతికిచ్చి ఒక్కటి నొక్కమన్నాను. నొక్కాడు. ఆ వెంటనే కెమెరా చచ్చిపోయింది. ఏం చేశావని అప్పుడే అడిగాను. "బేటరీ అయిపోతే నానేటి సేస్తాను బావా" అన్నాడు. రీలు లోపలే ఉండిపోయింది. అమ్మ ఎదురుగా ఉండగా అమ్మ ఫోటోకి తొందరేముందని బీరువాలో పెట్టాను. ఇప్పుడు అమ్మ లేదు. అమ్మతో నేనున్న ఫోటో మరొకటి లేదు, ఎందుకంటే మిగతావన్నీ తీసింది నేనే.

కాబట్టి కెమెరాకి ప్రాణం రావాలి. అది లేస్తేనే మోటారు రీలును వెనక్కి చుట్టి డబ్బీలోకి పంపుతుంది. చుట్టకుండా వెనక తలుపు తీస్తే వెలుతురు తగిలి అన్నీ పోతాయి.

నరసన్నపేటలో ఫోన్లు బాగుచేసే కొట్టుకి తీసుకెళ్ళాను. కొట్టాయన దాన్ని నాలుగు వైపులా తిప్పాడు.

"దీనికి ఛార్జింగు పిన్ను ఏదండి?"

"ఛార్జింగు కాదు, బేటరీ ఏస్తారు. బొటనేలంత, పొట్టిగుంటాది."

"అదెక్కడ దొరుకుతాదండి?"

"అదే కదా నిన్నడుగుతున్నాను!"

శ్రీకాకుళంలోనూ దొరకలేదు. చివరికి మా ఆవిడ ఫోనులో చీరతోపాటు తెప్పించింది. చీర బాగుంది. బ్యాటరీ వేసి బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. బ్యాటరీ తిరగేశాను, తుడిచాను, మళ్ళీ వేశాను. గ్రూపులో సలహా అడిగితే జవాబిచ్చినవాడు బావ ఒక్కడే.

"బియ్యంలో ఎట్టు బావా."

నీళ్ళలో పడినదాన్ని బియ్యంలో పెడతారు. ఇది పెళ్ళిలో పడింది. అదే రాశాను.

విజయనగరంలో పాత స్టూడియో ఒకటుందంటే బస్సెక్కాను. ఇప్పుడక్కడ పాస్‌పోర్టు ఫోటోలూ, పుట్టినరోజు ఫ్లెక్సీలూ వేస్తున్నారు. యజమాని కెమెరా అందుకుని, "రీలే కదండి గావాల? ఎనక మూత తీసెత్తాను" అంటూ తలుపు సందులో గోరు పెట్టాడు. నేను కౌంటరు మీదికి ఎగబడి లాక్కున్నాను. ఫ్లెక్సీ కోసం వచ్చిన పెద్దమనిషి భయపడి పక్కకు జరిగాడు. వెలుతురు తగిలితే ఏమవుతుందో స్టూడియో పెట్టుకున్నవాడికి నేను చెప్పాలా? "అయితే మీరే సూసుకోండి" అని మొహం తిప్పుకున్నాడు. తిరుగుబస్సులో రెండు చేతులతో వెనక తలుపు నొక్కిపట్టి కూర్చున్నాను. కండక్టరు టికెట్టు నా జేబులో పెట్టవలసి వచ్చింది.

ఇంటికొచ్చి బ్యాటరీ గదిలోకి టార్చి కొట్టి చూశాను. స్ప్రింగు దగ్గర ఎర్రగా ఏదో పేరుకుని ఉంది. తుప్పనుకుని అగ్గిపుల్లతో గీరితే గంధం వాసన వేసింది. మా ఆవిణ్ణి పిలిచాను.

"ఇదేటి?"

"బొట్టు."

"కెమెరా కడుపులో బొట్టేటే?"

"ఏటా దసరాకి ఎడతన్నాను కదా. కుట్టుమిషనుకి ఎట్టి, బండికెట్టి, దీన్నొగ్గేస్తామేటి? పైనెడితే రాలిపోతన్నాది. లోపల స్ప్రింగు కాడైతే బాగా అంటుకుంటాది. అయినా దాని ప్రానమంతా అక్కడే కదా."

కెమెరాని గబుక్కున వెనక్కి తిప్పి చూపించాను. "ఏ మూత తీసినావు? ఈ సిన్నదేనా? ఎనకది కూడానా?"

ఆమె తీరిగ్గా ఆలోచించింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఎనకది కూడా తీద్దామనే సూసినాను. గట్టిగున్నాది. నా గోరు ఇరిగిపోయింది. ఒగ్గేసినాను."

ఆ గోరుకి మనసులో దండం పెట్టి, పైకి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె కూడా ఊరుకోలేదు. "బీరువాలో పారేసి మర్సిపోయినోళ్ళు మీరు. అన్నేళ్ళూ దానికి గంధమెట్టినదాన్ని నానొక్కదాన్ని. నన్నంటారేటి?"

స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే పొరలు పొరలుగా ఊడింది. ఒక్కో పొరా ఒక్కో దసరా. ఇత్తడి సామాను తోమినట్టు తోమేద్దామని ఆమె చింతపండు కూడా తెచ్చింది. వెనక్కి పంపాను. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో స్ప్రింగునూ, ఎదుటి రేకునూ మెరిసేదాకా రుద్ది బ్యాటరీ వేశాను. బటన్ నొక్కితే జర్రున లెన్సు బయటికొచ్చింది! రీలు చుట్టే బటన్ అడుగున చిన్న కన్నంలో ఉంది. మా ఆవిడ తాళిలోంచి పిన్నీసు తీసి ఇచ్చింది. గుచ్చగానే లోపల చిమ్మెట కూసినట్టు మోటారు తిరిగింది. ఆ చప్పుడు ఆగేదాకా ఇద్దరం ఊపిరి పీల్చలేదు.

"సూసినారా, పూజ ఊరికే పోలేదు" అంది.

రీలును కడిగించడానికి విశాఖపట్నం పంపాం. ఫోటోలు చాలావరకు మసి. చివరిది మాత్రం వచ్చింది, ఎర్రబారి, అక్కడక్కడా మచ్చలతో. పందిరి గుంజ, పీట మీద అమ్మ, పక్కన నేను. నేనంటే, మెడ కిందినుంచి. బావ తల కోసేశాడు. పసుపు మరకలున్న నా చొక్కా ఉంది, అమ్మ భుజం మీద నా చెయ్యి ఉంది. అమ్మ తల పైకెత్తి, నోరు తెరిచి నవ్వుతోంది. అంతలా నవ్వేలా అప్పుడేమన్నానో ఎంత తలచుకున్నా గుర్తురావడం లేదు. నేను మరిచిపోయిన మాట అదొక్కటే.

గ్రూపులో పెట్టాను. అందరూ చూశారు. బావ రాశాడు: "సొక్కా బాగున్నాది. ఎవలది బావా?"

ఆ తరవాత ఎవరో పులుసు ఫోటో పెట్టారు, మాట అటు పోయింది.

బావా, నేను వదలను. చొక్కా ఎవరిదైనా కానీ. కెమెరా పట్టుకుని ఎదురుగా నిలబడ్డవాడివి నువ్వు. ఆ తల చూసినవాడివి నువ్వొక్కడివే. మా అమ్మ ఎవరి మొహం చూసి అలా నవ్వుతోంది? సెప్పు.