పాదం మీద నెలవంక

నా చిన్నప్పటి గ్రహణాల్లో ఒక్కటే నన్ను ఇంకా వదల్లేదు. ఆ పగలు రేపల్లెలోని పెంకుటింట్లో ఉన్నవాళ్లం: అమ్మమ్మ, తాతయ్య, ఏడో నెల గర్భంతో ఉన్న మా పిన్ని, తెనాలి నుంచి సెలవులకు వచ్చిన నేను. నడిమింట్లో ఉన్నవి: ఇత్తడి పళ్లెంలో పసుపు నీళ్లు, అందులో నిలబెట్టిన రోకలి, ఊరగాయ జాడీల మీద దర్భలు, గోడ గడియారం. కత్తిపీట అటక మీద ఉంది.

కత్తిపీట పిన్ని కంట పడకూడదు. ఆమె మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. అంతకుముందు వచ్చిన గ్రహణంలో వంకాయలు తరిగిందని, అందుకే అలా జరిగిందని ఎవరో అన్నారు. డాక్టరు వేరే కారణం చెప్పినా పిన్ని చెవిలో ఆ మాటే మిగిలిపోయింది.

గ్రహణం పట్టగానే తలుపులు మూశారు. పిన్ని చాప మీద వెల్లకిలా పడుకుంది. విడిచేదాకా పక్కకు తిరగకూడదు, మంచినీళ్లు ముట్టకూడదు. గ్రహణం ఉన్నంతసేపే రోకలి నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని మా ఇళ్లలో నమ్మకం. తాతయ్య పడక్కుర్చీలోంచి దాన్ని చూసి, "ఈ ఇంట్లో చెప్పినట్టు వినేది అదొక్కటే" అన్నాడు. అమ్మమ్మ నవ్వలేదు. "విడిచాక వచ్చేది కొత్త సూర్యుడురా. స్నానం చేసి పొయ్యి వెలిగిస్తే అన్నీ మళ్లీ మొదలే" అని నాకు చెప్పింది. ఆ మొదలు కోసమే పిన్ని అలా కదలకుండా ఉంది.

పెంకుల సందుల్లోంచి నేల మీద పడే గుండ్రని ఎండ చుక్కలు మెల్లగా నెలవంకలయ్యాయి. కాకులు అరవడం మానేశాయి. ఇంట్లో వెలుతురు బూడిద రంగుకి తిరిగింది. అప్పుడు పిన్ని గొంతు వినబడింది.

"అమ్మా, కదలట్లేదే."

"నిద్రపోతోందేమోలే."

"పొద్దుట్నించీ తన్నలేదమ్మా. అప్పుడూ ఇంతే."

పక్కకు తిరిగి కాసిని మజ్జిగ తాగమన్నాడు తాతయ్య. "తిరగను నాన్నా. ఈసారి ఏ తప్పూ చెయ్యను" అంది. ఆ గొంతులో ఏడుపు కూడా లేదు.

గడియారం రెండు కొట్టింది. అమ్మమ్మ పళ్లెం దగ్గరికి వెళ్లి, కుచ్చిళ్లు సర్దుకుంటున్నట్టు వంగి, మోచేత్తో రోకలిని తోసింది. అది గచ్చు మీద దొర్లింది. "విడిచింది, లేమ్మా" అంది. తాతయ్య గడియారం వైపు ఒకసారి చూసి కళ్లు మూసుకున్నాడు.

నా ముందున్న ఎండ చుక్క ఇంకా నెలవంకగానే ఉంది. వేలు చూపించబోయాను. అమ్మమ్మ వచ్చి దాని మీద కాలు మోపింది. నెలవంక ఆమె పాదం మీదికి ఎక్కింది.

పిన్ని ఎడమ పక్కకు తిరిగి మజ్జిగ తాగింది. కాసేపటికి నా చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది. లోపలినుంచి ఎవరో తలుపు తట్టినట్టు తగిలింది.

అమ్మమ్మ మాత్రం నీళ్లు ముట్టలేదు, స్నానానికి లేవలేదు. పెరటి గుమ్మం దగ్గర కూర్చుని పెదవులు కదుపుతూ ఉంది. పక్కన చేరితే, "దోషమేదైనా ఉంటే నా మీదికే రమ్మన్నాను. నువ్వు నోరు విప్పకు నాయనా" అంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. ఎండ చుక్కలు గుండ్రంగా అయ్యాకే లేచి, తల మీద నీళ్లు పోసుకుని, పొయ్యి వెలిగించింది.

నేను ఇంజనీరింగ్ చదివాను. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. నిలబెట్టి చూశాను కూడా. అయినా నవ్వు రాలేదు. అమ్మమ్మ నమ్మకం లేక ఆ పని చేయలేదు, పూర్తిగా నమ్ముతూనే చేసింది. తర్వాత ఏ గ్రహణం వచ్చినా, ఆ దోషం ఈసారి తన మీదికి వస్తుందేమో అన్నట్టు నా వైపు చూసేది. ఇప్పుడు ఆమె లేదు. పిన్ని కూతురు బాపట్లలో చదువుకుంటోంది, దానికి ఈ సంగతి తెలియదు. మళ్లీ మొదలు అనే మాట ఎక్కడ విన్నా నాకు ఆ గుమ్మం, ఆ చల్లటి చెయ్యి గుర్తొస్తాయి. ఒకరికి ముందుగా తెల్లవారాలంటే ఇంకొకరు చీకట్లో ఉండిపోవాలని నాకు అక్కడే తెలిసింది.

ఆనాటి విడుపు ఎప్పుడో పెద్దయ్యాక పాత పంచాంగంలో చూశాను. మూడూ పన్నెండు. అమ్మమ్మ ఒక్కతే గ్రహణంలో ఉన్నది డెబ్బై రెండు నిమిషాలు.