కుప్పం దాకా కావడి

ఆరు రోజుల కిందట మా చర్చి యువకులతో మదనపల్లెలో బయలుదేరి, పుంగనూరు మీదుగా కుప్పానికి నడక మొదలుపెట్టాము నేనూ, నా కూతురు సునీతా. "తాతా, నీకని వెనకాలొచ్చే వ్యాన్లో సీటు పెట్టుండాము" అని లీడరు పిల్లవాడు నవ్వాడు. నేను కర్ర పట్టుకుని ముందుకు నడిచాను.

ఈ రోజు శాంతిపురం దాటాక సునీత కాళ్ల బొబ్బలు చితికి రోడ్డు పక్కన కూలబడింది.

"నాయినా, ఇంక నాతో కాదు. వ్యాన్ ఎక్కేస్తా."

"ఇంత దూరమొచ్చి ఎక్కుతావా మా? నీ సంచి ఇట్టియ్యి."

చిన్నప్పుడు నీళ్లు మోసినట్టే, ఒక కర్రకు చెరో కొసన మా సంచులు కట్టి కావడి ఎత్తుకున్నాను. ఆమె మెల్లగా నా వెనక నడిచింది. సాయంత్రం ఇద్దరమూ కుప్పం చేరాము.

మా తర్వాత లీడరు కుంటుతూ వచ్చాడు. "నా సీటు ఖాళీగానే ఉండాది, కూర్చోప్పా" అన్నాను.

నేను అంత మాట అనొచ్చంటారా?