చివరి పేజీలో ఒక్క మాట

నవలమ్మ రాసిన ఏ నవల తీసుకున్నా, రెండో అధ్యాయం పూర్తయ్యేలోపు ఎవరో ఒకరి చెంప పగలాల్సిందే. నాలుగో అధ్యాయానికి నెత్తురు కారాలి. పదో అధ్యాయానికి ఒకరు ఆసుపత్రిలోనో జైల్లోనో ఉండాలి. ఆ తర్వాతే దేవుడు లోపలికి వచ్చేవాడు. "దేవుడి పుస్తకాల్లో ఇన్ని దెబ్బలేమిటమ్మా?" అని చర్చి సంఘం పెద్దలు నసిగితే, "అన్నీ చక్కగా ఉన్న ఇంట్లో ఆయనకేం పనండీ?" అని నోరు మూయించేది.

ఆమెకో పేరుంది. అది పుస్తకాల అట్టల మీదే మిగిలిపోయింది. నోటితో పిలిచేటప్పుడు అందరికీ నవలమ్మే. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టిగా, పిడికెడంత ఉండేది గానీ ఆ గొంతుకు మైకు అక్కర్లేదు. కుడిచేతి చూపుడు వేలూ మధ్యవేలూ వంకరపోయి ఉండేవి. రైలు తలుపులో పడి నలిగాయని చెప్పేది. పెన్నును బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య ఇరికించి పదకొండేళ్లలో ఆరు నవలలు రాసింది.

రాయడం ఒక ఎత్తయితే, చదివించడం ఇంకో ఎత్తు. కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు బస్సు దిగి బస్సెక్కుతూ, ఏ సంఘంలో స్త్రీల సమాజం ఉంటే అక్కడికి పుస్తకాల సంచితో వెళ్లేది. పుస్తకం ఒకరు చదివి దాచుకుంటే ఆమెకు ఒళ్లు మండేది. చదివి పక్కింటావిడకు ఇచ్చేయాలి. ఇచ్చేముందు చివరి పేజీలో ఒక్క మాట రాయాలి. అందుకోసమే బైండరుతో పోట్లాడి మరీ ప్రతి కాపీ వెనక నాలుగు ఖాళీ కాగితాలు కుట్టించేది. "ఏడ్చాను" అని ఒకరు, "ఆడపడుచుతో మూడేళ్లకు మాట్లాడాను" అని ఇంకొకరు, "పాలు పొంగిపోయినా పుస్తకం వదల్లేదు" అని మరొకరు రాసేవారు. ఊరంతా తిరిగి ఆ కాపీ చేతికొచ్చాక, సమాజంలో అందరి ముందూ నిలబడి ఆ పేజీలు పైకి చదివేది. ముందుగా మాత్రం చూసేది కాదు. చూసి, ఏరి, మంచివి మాత్రమే వినిపిస్తే అది సాక్ష్యమెలా అవుతుంది, సబ్బు ప్రకటన అవుతుంది గానీ, అనేది. ఈ పట్టుదలే చివరికి ఆమె మెడకు చుట్టుకుంది.

అన్నింటిలోకి మూడో నవలకు గిరాకీ ఎక్కువ. అందులోనూ పదకొండో అధ్యాయం. నవలమ్మ దాన్ని నలభై సంఘాల్లో చదివింది. ఆమె గొంతు సవరించుకోగానే ఆడవాళ్లు రుమాళ్లు సిద్ధం చేసుకునేవారు. ఆ అధ్యాయంలో భర్త ఇనుపకడ్డీ ఎత్తుతాడు. భార్య పారిపోదు. నేలమీద మోకరించి, రెండు చేతులూ ముందుకు చాపి నేలకు ఆనించి, "నన్ను కొట్టే చేతిని నేను క్షమించాను ప్రభువా, నువ్వూ క్షమించు" అంటుంది. కడ్డీ జారి పడిపోతుంది. భర్త ఆమె పక్కనే కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తాడు. పుస్తకం మూసి, రెండు క్షణాలాగి, నవలమ్మ ఒక మాట చేర్చేది. "ఇది కల్పన కాదమ్మా. నా ఇంట్లో జరిగింది."

ఆ ఒక్క మాటకే హాలంతా కరిగి నీరయ్యేది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కూడా అలాగే కరిగింది. రెండున్నర అయింది. కిటికీలు తెరిచి ఉన్నాయి, ముప్పై మంది ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నారు. అధ్యాయం చదవడం అయ్యాక, ఆ నవల పాత కాపీ ఒకటి పాస్టరమ్మ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అట్ట అరిగి మెత్తబడిపోయింది.

"చివర టైలరమ్మ చదివిందక్కా. పొద్దున వచ్చి ఇచ్చి వెళ్లింది. ఈరోజు రాలేనంది," అంది పాస్టరమ్మ.

టైలరమ్మ అంటే మూడు వీధుల అవతల జాకెట్లు కుట్టే అమ్మాయి. ముప్పై ఏళ్లు కూడా లేవు. మొగుడు వెల్డింగ్ పని చేస్తాడు. నవలమ్మ చదువుతుంటే ముందు వరసలో కూర్చుని, రెప్ప కొట్టకుండా వినేది.

నవలమ్మ చివరి పేజీలు తెరిచి మొదలుపెట్టింది. మొదటి నాలుగు మాటలకూ నవ్వులు, స్తోత్రాలు. అయిదోది టైలరమ్మది. పెద్ద పెద్ద అక్షరాలు, కొలతల పుస్తకంలో రాసుకున్నట్టు పొట్టి పొట్టి వాక్యాలు. అప్పటికే ఊపు మీదున్న నవలమ్మ అదే గొంతుతో చదివేసింది.

"అధ్యాయంలో ఉన్నట్టే చేశాను. మోకరించాను. ఆయన ఆపలేదు. ఎడమ చెవి వినపడటం లేదు. పోయిన వారం చేతులు కూడా నేలకు ఆనించాను. పక్కటెముక విరిగింది. అక్క ఇంట్లో జరిగింది నా ఇంట్లో జరగలేదు. నా ప్రార్థనలో ఏదో లోపం ఉంది. అదేమిటో అక్క చెప్పాలి. శుక్రవారం ఆయనకు సెలవు. మధ్యాహ్నం మళ్లీ చేస్తాను."

వెనక వరసలో ఎవరో అలవాటుకొద్దీ "స్తోత్రం" అన్నారు.

ఈరోజే శుక్రవారం. ఇప్పుడే మధ్యాహ్నం.

"ఆగక్కా, పాస్టరుగారికి కబురు పెడతాను. మొగుడూ పెళ్లాల మధ్యకి మనం ఎలా వెళ్తాం?" అని పాస్టరమ్మ చెయ్యి పట్టుకుంది. నవలమ్మ ఆ చెయ్యి విదిలించుకుంది. చెప్పులు కూడా వేసుకోలేదు. చేతిలోని కాపీ సంచిలో, సంచి భుజాన మాత్రం అలవాటుగా పడ్డాయి.

మూడు వీధులూ ఆమె పరుగున దాటింది. పరుగెడుతుంటే ఇన్నేళ్లూ తొక్కిపెట్టిందంతా గుర్తుకొచ్చింది. ఆమె మొగుడు బడి హెడ్మాస్టరు, గాయకబృందానికి పెద్ద, సంఘంలో అందరికీ పెద్దమనిషి. కడ్డీ ఎత్తిన మాట నిజం. ఆమె మోకరించిన మాట నిజం. అంతవరకే నిజం. ఆమె చేతులు నేలకు ఆనించి ఉన్నాయి కాబట్టే ఆ వేళ్లు అతని బూటు కిందికి అంత తేలిగ్గా వచ్చాయి. మడమతో ఒకసారి తొక్కాడు. ఆమె "క్షమించాను" అంటుండగా ఇంకోసారి తొక్కాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు, తొమ్మిదేళ్లూ కొట్టాడు. చివరికి ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ, తువ్వాలు తేలేదని అరుస్తూ, ఆ అరుపు మధ్యలోనే పడి చచ్చాడు. ఏ రైలూ లేదు, ఏ తలుపూ లేదు. అతను పోయిన ఏడాదికి ఆమె ఆ నవల రాసింది. రాస్తున్నప్పుడు కడ్డీ జారి పడితే ఎంత బాగుండేదో అనుకుంది. చదువుతూ చదువుతూ, పడిందనే చెప్పడం మొదలుపెట్టింది. జనం ఏడ్చేవారు, ఆమెకు హాయిగా ఉండేది. పాపం ఆ హాయి కోసమే అబద్ధం ఆడింది.

టైలరమ్మ ఇంటి ముందు పక్కింటాయన నిలబడి పళ్లు కుట్టుకుంటున్నాడు. "రోజూ ఉండేదేనండీ," అన్నాడు. లోపల్నించి బట్టల మూట మీద కర్రతో బాదినట్టు ఒకటే చప్పుడు.

ముందు గదిలో కుట్టుమిషన్, తాడు మీద వరసగా జాకెట్లు, బల్ల మీద ఇస్త్రీ పెట్టె. వెనక గది తలుపు తెరిచే ఉంది. వెల్డరు బట్టలు కొలిచే ఇనుప స్కేలుతో కొడుతున్నాడు. తొందరేమీ లేదు. ఒక దెబ్బ వేసి, ఊపిరి పీల్చుకుని, ఇంకోటి వేస్తున్నాడు. అతని కాళ్ల దగ్గర ఆ పిల్ల మోకరించి ఉంది. చేతులు నేలకు ఆనించి ఉన్నాయి. వీపు మీద జాకెట్ చీరుకుపోయింది, నోట్లోంచి నెత్తురు గచ్చు మీద పడుతోంది. ఆ నోటితోనే చెబుతోంది.

"నన్ను కొట్టే చేతిని నేను క్షమించాను ప్రభువా..."

మూడు వారాలు కొట్టేసి, మళ్లీ రాసి, నవలమ్మ నగిషీలు చెక్కుకున్న వాక్యమది. అక్షరం పొల్లుపోలేదు.

"ఆపరా!" అని అరిచింది.

వెల్డరు తిరిగి చూశాడు, నవ్వాడు. "నువ్వేనా ఆ పుస్తకాలావిడ? నీకు దణ్ణం పెట్టాలమ్మా. ఇదివరకు వీధిలోకి పరిగెత్తి నా పరువు తీసేది. నీ పుస్తకం చదివాక కదలకుండా కూర్చుంటోంది."

నవలమ్మ మీద పడి స్కేలు లాక్కోబోయింది. అతను ఒక్క తోపు తోశాడు. మిషన్‌కు తల కొట్టుకుని కింద పడింది. సంచి తెగి పుస్తకాలు గదంతా చెల్లాచెదురయ్యాయి. లేవబోతుంటే స్కేలు భుజం మీద పడింది, మళ్లీ అదే చోట పడింది. ఎన్నాళ్లకో మళ్లీ తిన్న దెబ్బ. ఒళ్లు మర్చిపోలేదు, మోకాళ్లు వాటంతటవే వంగబోయాయి. ఆ వంగబోయే మోకాళ్లను చూసుకుని ఆమెకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. బల్ల అంచు పట్టుకుని లేచింది. చేతికి ఇస్త్రీ పెట్టె తగిలింది.

టైలర్ల ఇస్త్రీ పెట్టె, బండలా బరువుంటుంది. వంకర వేళ్లతో పట్టు దొరకలేదు, ఎడమచేతిని కూడా తోడు చేసుకుంది. గురి చూసిందీ లేదు, ప్రార్థన చేసిందీ లేదు. రెండు చేతులతో ఎత్తి అతని మెడకూ భుజానికీ మధ్య వేసింది. ఎముక విరిగిన శబ్దం వీధిలోకి వినపడింది. స్కేలు కింద పడింది. పదకొండో అధ్యాయంలో లాగే పడింది, కాకపోతే కారణం వేరు. అతను అడుగు ముందుకేస్తే మోకాలి చిప్ప మీద ఇంకొకటి వేసింది. "అమ్మా" అని అరిచి కూలిపోయాడు. మూడోసారి ఎత్తినప్పుడు పెట్టె అతని తలకు సూటిగా పైనుంది.

కింద నుంచి టైలరమ్మ ఆమె కాలు పట్టేసుకుంది. "వద్దక్కా! చచ్చిపోతాడు!"

"చావనీ!"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని నవలమ్మకు వెంటనే తెలియలేదు. కొట్టాలని ఉంది. చాలా ఉంది. ఇన్నేళ్లలో ఏ వాక్యం రాయాలనీ అంతగా అనిపించలేదు. కాలిని పట్టుకున్న చెయ్యి బలహీనంగా ఉన్నా వదల్లేదు. చివరికి పెట్టెను పక్కకు విసిరేసింది. అది పుస్తకాల మీద పడింది.

టైలరమ్మ తల ఎత్తి చూసింది. ఒక కన్ను మూసుకుపోయింది. "ఎక్కడ తప్పు చేశానక్కా? చేతులు కూడా ఆనించానుగా," అంది. సమాధానం వినకుండానే తెలివి తప్పింది.

తర్వాత రెండు రోజులు ఆసుపత్రి, స్టేషను. వెల్డరు విరిగిన ఎముకతోనే ఫిర్యాదు రాయించాడు. "మీరే కొట్టారా?" అని అడిగిన స్టేషను రైటరు కానిస్టేబులుకు ఆశ్చర్యం. ఆమె వేళ్లకేసి చూశాడు. "రెండు దెబ్బలు. మూడోది వేయలేదు. ఆ పిల్ల ఆపింది, అది కూడా రాసుకోండి," అంది నవలమ్మ.

ఆదివారం ఆరాధన కాగానే పాస్టరుగారు ఆసుపత్రికి వచ్చి, ఆమెను నడవాలోకి పిలిచారు. మంచి మనిషే, కంగారు పడ్డారు. "జరిగిందేదో జరిగిందమ్మా. ఈ గొడవను ఆ పుస్తకానికి ముడిపెట్టకండి. దానివల్ల ఎన్ని ఇళ్లు బాగుపడ్డాయి!"

"ఒక్క ఇల్లు చెప్పండి పాస్టరుగారూ. మోకరించిన భార్యను చూసి కడ్డీ వదిలేసిన మగాణ్ణి ఒక్కణ్ణి చూపించండి."

"అదేమిటమ్మా, మీవారే..."

నవలమ్మ కుడిచెయ్యి ఆయన ముఖం ముందు పెట్టింది. "ఇదీ మావారి సాక్ష్యం. మీ గాయకబృందానికి తాళం వేసిన బూటే. రైలు కాదు." ఆయన వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నారు. ఆమెకు జాలి వేసింది గానీ, ఆగి ఓదార్చే ఓపిక లేదు. "వచ్చే శుక్రవారం సమాజంలో చెబుతాను. నలభై సంఘాలకూ వెళ్లి చెబుతాను. దేవుణ్ణి నేను వదల్లేదండీ, ఆయన పేరుతో ఆడిన అబద్ధాన్ని వదిలేస్తున్నాను."

లోపలికి వెళ్లేసరికి టైలరమ్మ మేలుకునే ఉంది. కట్లమధ్య ముఖం పిడికెడే కనపడుతోంది. కళ్లు కిటికీ వైపే పెట్టి మెల్లగా అంది. "ఇంటికెళ్లాక ఉపవాసం ఉండి చేస్తానక్కా. మీవారు మారారు కదా. నాకే సరిగ్గా రావడం లేదు."

నవలమ్మకు ఏడుపు పొంగుకొచ్చింది. ఏడిస్తే ఆ పిల్లే తనను ఓదారుస్తుందని భయం వేసి దిగమింగుకుంది. సంచిలోంచి ఆ కాపీ తీసింది. ఇస్త్రీ పెట్టె పడిన చోట అట్ట నొక్కుకుపోయింది. చివరి పేజీ తెరిచి, టైలరమ్మ రాతకు కిందే, పెన్ను ఇరికించి పట్టుకుని రాసింది. ఆరు నవలల్లోనూ ఏ మాటా ఆమె చేత అంత నెమ్మదిగా రాయించుకోలేదు. రాసి, పైకి చదివింది.

"లోపం నీ ప్రార్థనలో లేదు. నా పుస్తకంలో ఉంది. మా ఆయన మారలేదు. కొడుతూనే చచ్చిపోయాడు. నువ్వు ఆ ఇంటికి వెళ్లొద్దు, నా ఇంటికి రా."

టైలరమ్మ కిటికీ వైపే చూస్తూ ఉంది. చదవడం ఆగాక తల కొంచెం తిప్పింది.

"అటువైపు చెవి పోయిందక్కా. ఇటొచ్చి చదువు."

నవలమ్మ లేచి, మంచం చుట్టూ తిరిగి, అవతలి పక్కకు వెళ్లింది. పుస్తకం రెండు చేతులతో పట్టుకుని మొదటి మాట నుంచి మళ్లీ చదివింది, ఇన్నేళ్లూ పదకొండో అధ్యాయం చదివిన గొంతుతోనే. వార్డు చివర మంచం మీది ముసలావిడకు కూడా వినపడింది.