మాస్టారి పెన్సిల్ టిక్కు

ఉమామహేశ్వరరావు మాస్టారికి ఒక జబ్బు ఉండేది. కరోనాకు ముందునుంచీ ఉన్నదే. తనకు అర్థం కాని లైను పక్కన పెన్సిల్ టిక్కు పెట్టేవారు కాదు. అన్ని లైన్లకూ టిక్కు పడనిదే థీసిస్ మీద సంతకం చేసేవారు కాదు. సూరత్‌లో మా లెక్కల విభాగంలో పీహెచ్‌డీకి చేరినవాళ్లు చాలామంది ఈ జబ్బుకు దడిసే వేరే గైడ్‌ను చూసుకున్నారు. మరమగ్గాల కార్ఖానాలో పనిచేసే బిక్షపతి కూతురిని నేను. మొండితనం మా ఇంట్లోనూ తక్కువ లేదు కాబట్టి మిగిలిపోయాను.

హైపర్బోలిక్ స్థలాల్లోకి వెళ్లే హోలోమార్ఫిక్ మ్యాపుల మీద నా పరిశోధన. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే "లెక్కలు" అని ఊరుకుంటాను. మాస్టారు మొదటిరోజే తేలిగ్గా చెప్పారు.

"ఈ మ్యాపులు నూలుబట్టలాంటివమ్మా. ఉతికితే కుంచించుకుపోతుంది గానీ లాగితే సాగదు. ఏ రెండు బిందువుల మధ్య దూరమూ పెరగదు. అందుకే ఎన్ని మ్యాపులను వరసలో నిలబెట్టినా చెల్లాచెదురు కావు, వాటిలో కొన్ని ఏదో ఒక లిమిట్ దగ్గర కుదురుకుంటాయి. ఆ లిమిట్ మన స్థలం లోపల ఉందా, అంచు మీద పడిందా అన్నదే మన గొడవంతా."

రెండో వేవ్‌లో మాస్టారు ఆసుపత్రి పాలయ్యారు. ప్రాణాలతో అడాజన్‌లోని ఫ్లాట్‌కు తిరిగొస్తే అందరం దేవుడికి దండం పెట్టుకున్నాం. మనిషి వచ్చారు గానీ బుర్ర సగం అక్కడే ఉండిపోయిందని తర్వాత తెలిసింది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేవారు. వాక్యం మొదలుపెట్టి, చివర ఏం చెప్పాలో తెలియక నా వైపు చూసేవారు.

అప్పటికి నా థీసిస్ రాయడం పూర్తయింది. దీపావళిలోపు సమర్పిస్తే ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం, లేదంటే అది ఇంకొకరికి పోతుంది. కావలసింది గైడ్ సంతకం ఒక్కటే.

"పెట్టేయండి, ఆ పిల్ల బతుకు కదా. జబ్బు చేయకముందు సగం చదివారుగా," అని మాస్టారి భార్య ఉషాదేవిగారు బతిమాలారు.

"చదివింది గుర్తులేదే ఉషా. అర్థం కానిదాని మీద సంతకం ఎలా చేయను?"

నాకు ఒళ్లు మండింది. జ్ఞాపకం పోయినా ఈ జబ్బు పోలేదు అనుకున్నాను. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదు.

వానాకాలమంతా మా సలాబత్‌పురాలో బస్సెక్కి తాపీ నది దాటి, వాళ్ల బాల్కనీలో కూర్చుని, మాస్కులోంచి నా థీసిస్ నేనే చదివి వినిపించాను. లైను అర్థమైతే టిక్కు పెట్టేవారు. మర్నాడు ఆ టిక్కులు చూసి, "ఇవి ఎవరు పెట్టారమ్మా?" అని రబ్బరుతో తుడిచేసేవారు. కథ మళ్లీ మొదటికొచ్చేది. ఒకరోజు హైపర్బోలిక్ అంటే ఏమిటని అడిగారు. నూలుబట్ట సంగతి చెప్పాను. "బాగుందే, నీకు ఎవరు నేర్పారు?" అన్నారు. కాసిని నీళ్లు తాగి తర్వాతి లైను అందుకున్నాను.

ఇంట్లో నాన్న రోజూ అదే మాట. "ఏంది హారతీ, గా సార్ ఇంక దస్కత్ పెట్టకపాయె? జర గట్టిగ అడుగరాదు?"

"అడిగితె ఏం ఫాయిదా నాయినా? ఆయనకు సమజ్ అయితలేదు."

"గిట్లయితె నౌకరి చేజారుతది బిడ్డా."

వానలు తగ్గేసరికి టిక్కులు తుడవడం మానేశారు. దసరా వెళ్లేసరికి మూడో అధ్యాయంలో ఉన్నాం. నేను విసిగిపోయి గబగబా చదివేస్తున్నాను, ఆయన పెన్సిలూ నా వెనకే కదులుతోంది. ఒకచోట ఆగింది.

"ఇక్కడ లిమిట్ లోపలే ఉందన్నావు. ఎందుకని?"

"మొదటి అధ్యాయంలో నిరూపించాం కదా సార్."

"అక్కడ, అంచు ఎంత నడిచినా అందనంత దూరంలో ఉందని షరతు పెట్టుకున్నాం. ఇక్కడ ఆ షరతు తీసేశావు. తీసేశాక లిమిట్ అంచు మీదికి జారిపోవచ్చు కదమ్మా."

మళ్లీ మళ్లీ చూశాను. ఆయన చెప్పిందే నిజం. మూడో అధ్యాయం కూలింది, దాని మీద నిలబడ్డ నాలుగోదీ కూలింది. దీపావళి కాదు కదా, వచ్చే హోళీకి కూడా కుదిరే పని కాదు. ఉద్యోగం పోయినట్టే. నాకు ఏడుపొచ్చింది. అందులో కొంత ఉద్యోగం కోసం, మిగతాదంతా సంతోషమే.

కాఫీ తెచ్చిన ఉషాదేవిగారు నన్ను చూసి ఆగిపోయారు. "ఏమైందమ్మా? మళ్లీ అన్నీ తుడిచేశారా?"

"లేదండీ. సార్ నా తప్పు పట్టుకున్నారు."

ఆవిడ కప్పులు గట్టు మీద పెట్టి భర్త పక్కన కూలబడ్డారు. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా ఆవిడ నా ఎదుట ఏడవలేదు.

మాస్టారు మా ఇద్దరినీ చూసి కంగారుపడ్డారు. "తప్పుంటే దిద్దుకుంటాం, దానికెందుకు ఏడుపు?" అని, ఆ లైను పక్కన ఖాళీగానే వదిలేసి, పెన్సిల్ చెక్కుకోసాగారు.