మేష్టారి అరచెయ్యి

మా బడిలో ఇంగ్లీషు మేష్టారు విశేషణాలను అరచేత్తో చెప్పేవారు. టాల్ అంటే అరచెయ్యి ఛాతీ దగ్గర, టాలర్ అంటే గడ్డం దగ్గర, టాలెస్ట్ అంటే తలకు పైన. పక్క గదిలో లెక్కలు చెప్పే నాకు కిటికీలోంచి ఆ చెయ్యే కనిపించేది.

ఆయన రిటైరయ్యాక మళ్ళీ పలాస డయాలసిస్ వార్డులో చూశాను. మా చెల్లెల్ని అక్కడికే తీసుకెళ్ళేదాన్ని. ఆయన పక్క మంచం మీద అక్కుపల్లి నుంచి కొత్తగా వచ్చిన పిల్ల. కిడ్నీలు చెడేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ తొమ్మిదని నర్సు చెప్పగానే లేచి కూర్చుంది.

"నాకు సూదొద్దు మేస్టారూ. తొమ్మిదంటే ఇంక బతుకుతానేటి?"

"ఓస్, తొమ్మిదికేనేటే? నాది పన్నెండు." సూది లేని చెయ్యి ఛాతీ దగ్గర పెట్టి, "నువ్విక్కడ," అన్నారు. తలపైకి ఎత్తి, "నానిక్కడ. సచ్చిపోయానేటి? పడుకో."

పిల్ల నవ్వి పడుకుంది. ఆయనది ఏడని అంతకుముందే నర్సు నా ఎదుట చెప్పింది. నేను చూస్తున్నానని తెలిసి ఆయన గోడవైపు తిరిగారు.

వానలు మొదలయ్యేసరికి ఆయన పోయారు. ఆ పిల్ల నన్ను వరండాలో ఆపింది.

"టీచరమ్మా, పన్నెండు కాబట్టే మేస్టారు పోయారు గదా? నాది తొమ్మిదే. నాకింకా టైముంది గదా?"

"ఉందమ్మా," అన్నాను.

ఇప్పటికీ నేను కనిపిస్తే తన అంకె చెప్పి, పన్నెండుకి ఎంత తక్కువో నాచేత చెప్పించుకున్నాకే మంచం ఎక్కుతుంది. మొన్న చెప్పిన అంకె పదకొండు.